మిషను తొక్కేది మనం – ‘ఊరికే’ అనేది ఎవరు?

“ఊరికేనే కూర్చోనుండావు గదా పాపా, ఈ జాకెట్టుకి రెండు కుట్లు ఏసియ్యి.” నెల్లూరు తీరంలో ఏ పల్లెకైనా పోండి, మిషను ఉన్న ఇంటి ముందు ఈ మాట వినపడుతుంది. అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అక్కో, వదినో, పక్కింటి పెద్దమ్మో అయి ఉంటారు. కానీ ఆ మాటలో రెండు అబద్ధాలున్నాయి. మిషను ముందు కూర్చున్న మనిషి ఊరికే కూర్చోలేదు. జాకెట్టు అంటే రెండు కుట్లు కాదు.

మేం ఈ తీరం పల్లెల్లో మిషను తొక్కుకుంటూ, సంఘం పనీ చేసుకుంటూ బతికే ఆడవాళ్ళం. దళిత సమస్య అంటే భూమి, దాడులు, రిజర్వేషన్లు అని సభల్లో చెప్పుకుంటున్నాం. నిజమే, అవి పెద్ద సమస్యలే. అయితే మాలపల్లెలో, అరుంధతివాడలో ఆడదాని మెడనీ, నడుమునీ, కళ్ళనీ తినేస్తున్న పని ఇంకోటి ఉంది. ఇంటోళ్ళకి, అయినోళ్ళకి, ఇరుగుపొరుగుకి బట్టలు కుట్టిపెట్టడం. బొంతలు, దిండు గలీబులు, తలుపు తెరలు కుట్టిపెట్టడం. దానికి కూలి లేదు, లెక్క లేదు, పని అనే పేరు కూడా లేదు. “ఇది కూడా ఉద్యమం విషయమేనా?” అని నవ్వే అన్నలున్నారు. ఆ అన్నల కోసం ముందు రవిక సంగతి చెప్పి, తర్వాత కూలి సంగతికి వస్తాం.

మనువు ధర్మశాస్త్రం పదో అధ్యాయం తీసి చూడండి. చండాలురు ఊరి బయట ఉండాలంట. శవాల మీద తీసిన గుడ్డలు కట్టుకోవాలంట. ఇనప నగలు పెట్టుకోవాలంట. అంటే మన ఒంటి మీద కొత్త గుడ్డ కనపడడమే నేరం. పుస్తకంలో రాసి ఊరుకున్నారా? లేదు. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకుంటే గుడ్డలు చించారు. క్రైస్తవంలో కలిసినవాళ్ళు కుప్పాయం అనే కుట్టిన రవిక తొడిగితే కొట్టారు. ఏళ్ళ తరబడి కొట్లాడితే 1859 జూలై 26న ఆ రాజ్యం దిగొచ్చింది. ఆ దిగిరావడంలో కూడా ఒక మెలిక పెట్టింది. కప్పుకుంటే కప్పుకోండి, పెద్దకులాల ఆడవాళ్ళ మాదిరిగా మాత్రం కప్పుకోకూడదు అని.

ఇండోరు వైపు బలాయీలని అంటరాని కులం ఉంది. వాళ్ళకి పెద్దకులాలవాళ్ళు హుకుం వేశారు. మగవాళ్ళు జరీ అంచు తలపాగా చుట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు. ఆడవాళ్ళు వెండి బంగారం పెట్టకూడదు, సింగారమైన పావడాలు, రవికలు తొడగకూడదు. 1928 జనవరిలో పేపర్లో వచ్చిన ఈ సంగతిని బాబాసాహెబ్ 1936లో ‘కులనిర్మూలన’లో ఎత్తి చూపించారు. ఆయనే 1927 డిసెంబరు 25న మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. ఆ సభలకి వచ్చిన ఆడవాళ్ళతో ఏం చెప్పారు? మీ కట్టూ బొట్టూ చూసి అంటరానివాళ్ళని గుర్తుపట్టే పద్ధతి పోవాలి, పెద్దకులాల ఆడవాళ్ళు కట్టుకున్నట్టే చీర కట్టుకోండి అని చెప్పారు. ఆయన సూటు వేసుకున్నది కూడా సోకు కోసం కాదు.

కాబట్టి అన్నలారా, పల్లెలో పిల్లకి కొలతకి సరిపోయిన లంగా జాకెట్టు కుట్టడం చిన్న పని కాదు. ఎవరో విడిచిన గుడ్డ కాకుండా తన ఒంటికి తగ్గట్టు కుట్టించుకున్న గుడ్డ తొడుక్కోవడం మన తాతమ్మలు కొట్లాడి తెచ్చిన హక్కు. ఆ హక్కుని రోజూ నిలబెడుతున్నది మిషను తొక్కే ఆడదాని కాళ్ళు.

ఇంకో మాట. గుడ్డా, కుట్టూ మనకి కొత్తవి కావు. మాలల్లో ముతక గుడ్డ నేసినవాళ్ళున్నారు. మాదిగ తాత చేతిలో ఆరె ఉండేది. ఊరంతటికీ చెప్పులు కుట్టింది ఆయనే. కపిలకి తోలు బాన, తొండం కుట్టింది ఆయనే. ఆ బానతో నీళ్ళు తోడితే రైతు మడి పండింది. కుట్టినందుకు కూలి ఇచ్చారా? కళ్ళంలో మేర కొలిచారు. వడ్లు ఎత్తుకున్న తర్వాత అడుగున మిగిలింది, వాళ్ళ దయ ఉన్నంత. అది కూలి అని ఎవరూ అనలేదు, ‘మీ కులధర్మం’ అన్నారు. ఈ రోజు మనవరాలు మిషను తొక్కుతుంటే ‘ఆడదాని సాయం’ అంటున్నారు. కులధర్మం అన్నా, ఆడదాని సాయం అన్నా అర్థం ఒకటే. పని చెయ్యి, కూలి అడగొద్దు.

ఈ మిషన్లు మన తీరానికి ఎట్లా వచ్చాయో చూడండి. మొలగొలుకులు పండిన నేల ఇది. నాట్లకి, కలుపుకి, కోతకి ఆడకూలీలు గుంపులు గుంపులుగా పోయేవాళ్ళు. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు వచ్చాయి. మడి గుంట అయిపోయింది. మడికి పదిమంది ఆడవాళ్ళు కావాలి, గుంటకి ఇద్దరు కాపలా మగవాళ్ళు చాలు. గుంటల ఉప్పునీళ్ళకి పక్క మళ్ళు చవుడు తేలాయి, తాగే నీళ్ళు చెడిపోయాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరం అంచున ఉన్న గుంటలు తీసెయ్యమని తీర్పు చెప్పింది. 2005లో చట్టం చేసి మళ్ళీ గుంటలకి దోవ ఇచ్చారు. ఆడకూలీకి మాత్రం మడి తిరిగి రాలేదు. పెద్దవాళ్ళు రొయ్యల షెడ్లకి తలలు తియ్యను పోయారు. చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలు కుట్టు నేర్చుకున్నారు. మూడు నెలల శిక్షణ, ఒక సర్టిఫికెట్టు. కొందరికి కార్పొరేషను లోను మీద మిషను, కొందరికి పెళ్ళిలో సారెతో మిషను. మీటింగులో ఫొటో తీసి ‘స్వయం ఉపాధి’ అన్నారు.

ఉపాధి అంటే తిండి పెట్టాలి కదా. ఆ మిషను మీద ఏమేం కుడుతున్నామో లెక్క చెప్తాం వినండి.

అత్తకి జాకెట్టు, ఆడబిడ్డకి లైనింగు జాకెట్టు. చీరలకి ఫాలు, అంచులు. మరిదికి ప్యాంటు కింద మడత, మోకాలి దగ్గర చినిగితే మాటు. బడిపిల్లలకి యూనిఫాం. చెల్లెలు పురిటికి వస్తే పసిబిడ్డ జుబ్బాలు, ఉయ్యాల గుడ్డ, కింద పరిచే పొత్తిగుడ్డలు. కాలనీ ఇంటికి తలుపు ఉన్నా చాటు ఉండదు గనక పాత చీరతో తెర. దిండ్లకి గలీబులు. మిషను కింద రాలిన ముక్కలు పారెయ్యం, అవి కలిపి కాళ్ళు తుడుచుకునే పట్టా, పిల్లల పుస్తకాల సంచి. గుడిలో బల్ల మీదికి గుడ్డ, సంఘం మీటింగుకి నీలం జెండా, బ్యానరు అంచు కూడా మేమే కుడతాం.

బొంత సంగతి వేరే చెప్పాలి. నాలుగైదు పాత చీరలు పొరలు పొరలుగా పరుస్తాం. మెత్తబడిన నూలు చీర లోపలికి, కాస్త గట్టిది పైకి. ముడతలు లేకుండా నాలుగు మూలలా లాగి పట్టుకోవాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. మిషను కిందికి ఆ మందం దూరదు గనక దబ్బనంతో చేతికుట్టు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్లు చుట్లుగా లోపలికి వస్తాం. మధ్యాన్నం పూట తీరిక చేసుకుని కూర్చుంటే వారం పైనే పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం మీద ముసురు, తుపాన్లు. గోడలు చెమ్మ పట్టి, నేల చల్లబడి ఉంటే ముసలమ్మనీ, బాలింతనీ కాపాడేది ఆ బొంతే. కొన్న దుప్పటికి రేటు ఉంది, బిల్లు ఉంది. వారం రోజులు వేళ్ళకి పోట్లు పడిన బొంతకి మాత్రం రేటు లేదు.

పండగ వస్తే చూడాలి. క్రిస్మస్సుకి, ఉగాదికి, ఏప్రిల్ 14కి పల్లె పల్లంతా కొత్త బట్టలు. పది రోజుల ముందు నుంచే మిషను మీద కవర్లు కుప్ప పడతాయి. కవరులో గుడ్డ, దానితో ఆది జాకెట్టు. రాత్రి రెండైనా మిషను ఆగదు. అందరి పిల్లలూ పండగ పొద్దున కొత్తవి తొడుక్కుని తిరుగుతుంటారు, కుట్టే అమ్మ బిడ్డ గౌనుకి అప్పుడు హుక్కులు పడుతుంటాయి.

ఇప్పుడు లెక్క కడదాం. లైనింగు జాకెట్టు ఒకటి తీసుకోండి. ఆది చూసి కొలతలు రాసుకోవాలి. లైనింగు తడిపి ఆరేసి కత్తిరించాలి. పైగుడ్డ కత్తిరించాలి. డాట్లు, భుజాలు, చంకలు, మెడ పట్టీ, చేతులు కలపాలి. తర్వాత హుక్కులు, కాజాలు, చేతికుట్టు. చెయ్యి తిరిగిన మనిషికైనా రెండు గంటలకి తక్కువ పట్టదు. నెలకి పది జాకెట్లు ‘ఊరికే’ కుట్టిందనుకుందాం. ఇరవై గంటలు. రోజుకి ఎనిమిది గంటల లెక్కన రెండున్నర పనిదినాలు. ఏడాదికి ముప్పై దినాలు. అంటే పన్నెండు నెలల్లో ఒక నెలంతా ఆమె కూలి లేకుండా పని చేసింది. దీనిలో దారం రీళ్ళు, సూదులు, హుక్కుల అట్టలు, నూనె, తెగిన బెల్టు, కరెంటు కలపలేదు. నడుము నొప్పికి మాత్రలు కూడా కలపలేదు. ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలకి మించకూడదని 1946లో చట్టసవరణ తెచ్చింది లేబర్ మెంబరుగా ఉన్న అంబేద్కర్. ఆ గీత ఇంట్లో మిషను దాకా ఇంకా రాలేదు.

“అయినోళ్ళ దగ్గర డబ్బులు తీసుకుంటారా? ఆప్యాయతలు ఏమైపోవాలి?” అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్న. మేం ఆప్యాయతకి అడ్డం కాదు. పల్లె నిలబడిందే ఒకరికొకరు చేసుకోబట్టి. కానీ ‘ఊరికే’ అనే మాటలో రెండు రకాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి.

ఒకటి బదులు. నేను నీ బిడ్డకి గౌను కుట్టాను, నువ్వు నా ఇంటి పైకప్పు పట్టా కట్టడానికి వచ్చావు. నేను బొంత కుట్టాను, నాకు జ్వరం వస్తే నువ్వు కుండ దించావు. ఇది అప్పూ కాదు, బిచ్చమూ కాదు. పేదవాళ్ళ బ్యాంకు. దీనిని కాపాడుకోవాల.

రెండోది వెట్టి. ఒకే మనిషి ఎప్పుడూ చేస్తూ ఉండడం, ఇంకో మనిషి ఎప్పుడూ తీసుకుంటూ ఉండడం. తిరిగి వచ్చేది ఏమీ ఉండదు. అడిగితే మొహం మాడ్చుకోవడం. వెట్టికి పెద్ద దొర గడీ అక్కర్లేదు. ఇంట్లో కూడా వెట్టి ఉంటుంది.

ఊళ్ళో నుంచి వచ్చే కుట్టు చూస్తే వెట్టి ఇంకా బాగా కనపడుతుంది. పెద్దకులాల ఇళ్ళ నుంచి కవరు వస్తుంది. కొన్ని ఇళ్ళలో ఆది జాకెట్టు గడప అవతల నుంచి అందిస్తారు, కొలత తీసుకోవడానికి ఒంటి మీద చెయ్యి పడనివ్వరు. మన చెయ్యి కుట్టిన రవిక ఒంటికి తగలొచ్చు, మన చెయ్యి తగలకూడదు! ఏం శాస్త్రమో ఇది. కుట్టి ఇచ్చి డబ్బులడిగితే “యాడికి పోతాయి లేవే, రేపు కలుపుకి పిలుస్తాం గదా” అంటారు. ఇంకొందరు పండక్కి పాత చీర చేతిలో పెడతారు. విడిచిన గుడ్డ మన ఒంటికి అని మనువు రాసిన మాటకీ, కూలి బదులు పాత చీర ఇవ్వడానికీ తేడా ఎంత? పాత చీర కూలి కాదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. చట్టం పెట్టిన కనీస కూలికి తక్కువ ఇచ్చి పని చేయించుకున్నా అది బలవంతపు చాకిరీయేనని 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పెద్ద పెద్ద కట్టడాలు కట్టినవాళ్ళ గురించి చెప్పింది. దాని వెనకున్న న్యాయం సూదికి కూడా వర్తిస్తుంది.

ఇంట్లో కూర్చుని చేసే పనిని ‘తీరిక పని’ అనడం మన పల్లెకే పరిమితం కాదు. గోదావరి జిల్లా నరసాపురంలో ఆడవాళ్ళు లేసు అల్లుతారు. ఆ లేసు టేబులు గుడ్డలై విదేశాల్లో ఇళ్ళకి పోతుంది. మరియా మీస్ అనే జర్మనీ ఆమె వచ్చి చూసి 1982లో పుస్తకం రాసింది. ఇంటిపని అంతా చేసుకుని, దానిపైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారని తేల్చింది. ఎగుమతి చేసే వ్యాపారులు మాత్రం వాళ్ళని కార్మికులు అనలేదు, ‘తీరిక వేళ అల్లుకునే గృహిణులు’ అన్నారు. కార్మికులంటే కూలి పెంచాల్సి వస్తుంది. గృహిణి అంటే ఎంత ఇచ్చినా చాలు.

యంత్రాలంటే పడని గాంధీ కూడా కుట్టుమిషనుని మెచ్చుకున్నాడు. 1924లో ఆయన చెప్పిన కథ ఏమిటంటే, సింగర్ అనే ఆయన తన పెళ్ళాం చేత్తో కుట్టి కుట్టి అలిసిపోవడం చూడలేక, ప్రేమతో ఈ మిషను కనిపెట్టాడంట. కథ బాగుంది. అమెరికాలో సింగర్ 1851లో పేటెంటు తీసుకుని కంపెనీ పెట్టింది మాత్రం వ్యాపారానికే. అందులో తప్పు లేదు. మేం అడిగేది వేరే. మిషను వచ్చాక పెళ్ళాం పని తగ్గిందా? ఇంతకు ముందు ఒక ఇంటికి కుట్టేది, ఇప్పుడు పది ఇళ్ళకి కుడుతోంది. “మిషనుంది గదా” అంటారు. మిషను తనంతట తాను తిరగదు, తొక్కాలి. 2024లో కేంద్ర ప్రభుత్వం తీసిన సమయ సర్వే చూస్తే, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు కూలి లేని ఇంటిపనిలో ఉన్నారు. మగవాళ్ళు 88 నిమిషాలు. ప్రేమ ఎవరిదో, చాకిరీ ఎవరిదో ఈ అంకెలే చెప్తున్నాయి.

చదువుకున్నోళ్ళు ఇంకో మాట తెలుసుకోవాల. దేశాల ఆదాయం ఎట్లా లెక్క కట్టాలో ఐక్యరాజ్యసమితి 1993లో తిరగరాసింది. దాని ప్రకారం ఇంటోళ్ళ కోసం అన్నం వండితే అది ఉత్పత్తి లెక్కలోకి రాదు. ఆ మాట మీద మాకు వేరే తగాదా ఉంది. కానీ ఇంటోళ్ళ వాడకానికే అయినా గుడ్డ నేసినా, బట్టలు కుట్టినా, చెప్పులు కుట్టినా అది ఉత్పత్తే. ప్రపంచం పెద్ద లెక్కలోళ్ళు ఒప్పుకున్న మాట మన పల్లెలో మొగుడు ఒప్పుకోడు, అత్త ఒప్పుకోదు, సంఘం నాయకుడు ఒప్పుకోడు!

సర్కారు సంగతి కూడా చెప్పాలి. 2023 సెప్టెంబరు 17న కేంద్రం విశ్వకర్మ పథకం పెట్టింది. 18 చేతిపనుల్లో దర్జీ ఉంది, చెప్పులు కుట్టే పనీ ఉంది. పనిముట్లకి 15 వేలు, తక్కువ వడ్డీకి అప్పు అన్నారు. రాగలిగినవాళ్ళు తీసుకోండి, వదులుకోవద్దు. కానీ తాత పని మనవడు, అమ్మ పని కూతురు చెయ్యాలనే ‘సంప్రదాయం’ మాట దగ్గర మాత్రం జాగ్రత్త. మన పిల్ల కుట్టు నేర్చుకుంటే అది చేతిలో ఒక విద్య కావాలి, కాళ్ళకి గొలుసు కాకూడదు. అసలు లోపం ఇంకోచోట ఉంది. మిషన్లు పంచుతున్నారు, పని పంచడం లేదు. ఒక్కో పల్లెలో పదిమందికి జాకెట్టు కుట్టు నేర్పితే, పదిమందీ ఒకరి జాకెట్టు ఒకరు కుట్టుకోవాలి. కూలి ఎక్కడి నుంచి వస్తుంది? బడిపిల్లల యూనిఫాం కుట్టు, హాస్టళ్ళ దుప్పట్లు, గలీబులు, ఆసుపత్రుల తెరలు – ఈ పనులు కంట్రాక్టరుకి కాకుండా పల్లెల కుట్టుసంఘాలకి రాసివ్వమని అడగాలి. ఎమ్మార్వో ఆఫీసు ముందు కూర్చుని అడగాలి.

అడిగితే వస్తుందా అనొద్దు. 1992లో మన జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళు లేస్తే రాష్ట్రమంతా లేచింది, 1993లో సారా పోయింది. ఆ తర్వాత మన జిల్లా ఆడవాళ్ళే రోజుకి రూపాయి దాచి పొదుపు సంఘాలు పెట్టారు. రూపాయి లెక్క రాసుకున్నోళ్ళం గంట లెక్క రాసుకోలేమా?

అందుకని మా మాట ఇది. పల్లె పల్లెనా కూర్చుని మాట్లాడుకోండి.

ఒకటి. మిషను ఉన్న ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఎవరికి, ఏమి, ఎన్ని గంటలు – రాయాలి. డబ్బు తీసుకున్నా, తీసుకోకపోయినా రాయాలి. రాయని పని కంటికి కనపడదు.

రెండు. పల్లెలో కుట్టేవాళ్ళందరూ కలిసి ఒకే రేటు పెట్టుకోవాలి. ఒకరు వంద అంటే ఇంకొకరు అరవై అని మనల్ని మనమే కోసుకోవద్దు.

మూడు. ఊళ్ళో నుంచి వచ్చే కుట్టుకి రొక్కం. సగం ముందు, సగం ఇచ్చేటప్పుడు. పాత చీరలు, గింజలు వద్దు. కొలత ఒంటి మీదే తీస్తాం. ఇష్టం లేనివాళ్ళు టౌనుకి పోవచ్చు.

నాలుగు. అయినోళ్ళకి కుడితే దారం, లైనింగు, హుక్కుల ఖర్చు వాళ్ళదే. కూలి ఇవ్వలేకపోతే బదులు పని. పిల్లల్ని చూడండి, నీళ్ళు తెచ్చిపెట్టండి, బొంత మూల పట్టుకోండి.

అయిదు. పండగ పది రోజులూ ఇంట్లో మగవాళ్ళు వంట చెయ్యాలి. కాజాలు, హుక్కులు, గుండీలు కుట్టడం నేర్చుకోవాలి. ఆరె పట్టిన చేతికి సూది పట్టడం నామోషీ కాదు.

ఆరు. పురిటికి, చావుకి, దిక్కులేని ముసలివాళ్ళకి, తల్లిదండ్రులు లేని బిడ్డలకి డబ్బు తీసుకోం. ఇది వెట్టి కాదు, మన ఇష్టం. ఎప్పుడు ఊరికే కుట్టాలో చెప్పే హక్కు కుట్టేవాళ్ళది.

ఇందులో ఎవరి మీదా పగ లేదు. మన పిల్లల ఒంటి మీద కొత్త గుడ్డ ఉండాలి, మన ఇళ్ళలో తెరలు, బొంతలు, గలీబులు ఉండాలి. అవి కుట్టే ఆడమనిషి చేతిలో కూలి కూడా ఉండాలి. భూమికి పట్టా అడుగుతున్నాం, కూలికి రేటు అడుగుతున్నాం. కుట్టుకి లెక్క కూడా ఆ జాబితాలోనే రాయండి. వచ్చే సంఘం మీటింగులో నోటుబుక్కులు పట్టుకుని రండి. లెక్కలు అందరి ముందూ చదువుదాం.